కిరాయి వద్దనగలిగినవాడిదే సొంత బండి

జీతానికి బండి నడిపే డ్రైవర్ "సొంతంగా ఒక ట్రాలీ (టాటా ఏస్ లాంటి చిన్న సరుకు బండి) తీసుకుంట" అని ఇంట్లో చెప్పగానే ముందు వినపడే మాట ఒక్కటే: "నెలకింత అని వచ్చేది ఎందుకు పోగొట్టుకుంటవ్?" వరంగల్‌లోనైనా, పరకాలలోనైనా, కరీంనగర్‌లోనైనా ఇదే మాట. అమ్మ అంటుంది, ఇంటామె అంటుంది, పిల్లనిచ్చిన మామ ఇంకాస్త గట్టిగా అంటాడు. వాళ్ల భయం ఉత్తది కాదు. కిస్తీ కట్టలేక ఫైనాన్సోళ్లు బండి ఎత్తుకుపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. అయినా నేను సొంత బండి పక్షమే. కాకపోతే దానికి ఒక షరతు ఉంది. ఆ షరతు తీరకపోతే సేఠ్ దగ్గర, అంటే బండ్ల యజమాని దగ్గర, చేసే కొలువే నయం.

గిట్టని కిరాయిని, బండిని విరగ్గొట్టే లోడును, నిద్ర చంపే రాత్రి ప్రయాణాన్ని "వద్దు" అనగలగాలి. అంతే షరతు. సొంత బండి కొన్నాక కూడా ఆ మాట నోటి నుంచి రావడం లేదంటే ఆ డ్రైవర్‌కు సేఠ్ మారాడే తప్ప పని మారలేదు. ఇప్పుడతని సేఠ్ ఫైనాన్స్ కంపెనీ.

ముందు కొలువు భద్రతకు వెల కడదాం. నెలకు 18,000 జీతం అనుకుందాం. ఆ కొలువు నిజంగా భద్రమైనదైతే జీతం పైన ఇంకా మూడు ఉండాలి. పీఎఫ్‌లో యజమాని వాటా, 15,000 పరిమితి మీద 12 శాతం అంటే 1,800. ఈఎస్ఐలో, అంటే ఉద్యోగుల వైద్య బీమాలో, యజమాని వాటా 3.25 శాతం, అంటే 585. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ, నెలకు సుమారు 865. కలిపితే 3,250. డ్రైవర్ కొలువులో భద్రత అనేదాని వెల నెలకు ఇంచుమించు ఇదే.

ఇది ఎంతమంది డ్రైవర్లకు అందుతోంది? పీఎఫ్ చట్టం సాధారణంగా 20 మంది పనిచేసే చోట, ఈఎస్ఐ 10 మంది ఉన్నచోట వర్తిస్తుంది. రెండు డీసీఎంలు (ట్రాలీ కంటే పెద్ద సరుకు బండ్లు), ఒక ట్రాలీ ఉన్న సేఠ్ దగ్గర పనిచేసే మనిషికి ఈ రెండూ రావు. నియామక పత్రం ఉండదు, జీతం చేతికిస్తారు, ఆదివారం రాకపోతే ఆ రోజు పైసలు కోత. బండికి గీత పడ్డా జీతంలోనే కోత. రేపటి నుంచి రావొద్దంటే అడిగే దిక్కు లేదు. దీన్ని భద్రత అనుకోవడం అలవాటైపోయింది కానీ, ఇక్కడున్నది నెలాఖరున పైసలు చేతికి రావడం ఒక్కటే. అది కూడా సేఠ్ గిరాకీ బాగున్నన్నాళ్లే. ఇలాంటి కొలువు వదులుకునేవాళ్లు పోగొట్టుకునేది ఇంట్లోవాళ్లు భయపడేదానికంటే చాలా తక్కువ.

ఆర్టీసీ డ్రైవర్ సంగతి వేరు. అక్కడ పీఎఫ్ ఉంది, వైద్యం ఉంది, కుటుంబానికి బస్ పాస్ ఉంది. ఆ కొలువు వదలమని నేను ఎవరికీ చెప్పను. 2019 అక్టోబర్ 5న మొదలైన సమ్మెలో 48 వేల మందికి పైగా కార్మికులు వాళ్లంతట వాళ్లే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. సమ్మె 52 రోజులు నడిచింది, చివరికి అందర్నీ తిరిగి తీసుకున్నారు. ఆ రోజుల్లో జీతం లేక ఇళ్లు ఎలా నడిచాయో వరంగల్ డిపోల చుట్టుపక్కల బస్తీలకు తెలుసు. పెద్ద కొలువు భద్రత కూడా పైవాళ్ల నిర్ణయం మీదే నిలబడి ఉంటుందని ఒప్పుకోవాలి. అయినా ఆ భద్రతకు విలువ ఉంది. సేఠ్ దగ్గర దొరికేదానికి ఆ పేరు పెట్టడమే నాకు అభ్యంతరం.

ఇక రెండో వైపు చూద్దాం. సొంత బండితో ఎక్కువ సంపాదిస్తానన్న ఆశతోనే దిగేవాళ్లను ముందు ఆపి లెక్క చూపించాలి. 3,50,000 పెట్టి ఒక పాత టాటా ఏస్ తీసుకున్నాడనుకుందాం. చేతి నుంచి లక్షన్నర, ఫైనాన్స్ 2 లక్షలు. 18 శాతం వడ్డీతో 36 నెలలంటే కిస్తీ 7,231. లోడుతో లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిల్ 96 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు డీజిలే 6 రూపాయలు. నాలుగు టైర్లు 14,000 అయి 35,000 కిలోమీటర్లు నడిస్తే 40 పైసలు. ఆయిల్, ఫిల్టర్లకు మరో 40 పైసలు. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనింగులు, బేరింగులు, కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), బ్యాటరీ వంటివి ఒకేసారి పోవు, కానీ పోక మానవు. వాటికి ఒక రూపాయి పక్కన పెట్టాల్సిందే. మొత్తం కిలోమీటరుకు 8 రూపాయల దగ్గర తేలుతుంది.

నెలకు 22 రోజుల కిరాయి, రోజుకు సగటున 80 కిలోమీటర్లు, 1,800 రూపాయలు అనుకుందాం. వచ్చేది 39,600. బండి ఖర్చు 14,080. కిస్తీ 7,231. ఇన్సూరెన్స్ ఏడాదికి 25,000 అనుకుంటే నెలకు 2,083. 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే, 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం, పన్నులు కాక 16,049. అన్నీ పోగా మిగిలేది 16,206. పన్ను, ఫిట్‌నెస్ ఖర్చులు అందులోంచే కట్టాలి. అంటే కిస్తీ తీరే మూడేళ్లూ సొంత బండివాడి చేతికొచ్చేది జీతగాడి కంటే ఎక్కువేం కాదు, తక్కువే. తేడా వచ్చేది నాలుగో ఏట. అప్పుడా 7,231 ఇంట్లో ఉంటుంది, బండి సొంతమవుతుంది.

మరి ఆ మూడేళ్లు ఏ సుఖానికి? ఆదివారం బిడ్డ పుట్టినరోజుకు ఇంట్లో ఉండడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. జ్వరం వస్తే పడుకోవచ్చు. నోటికొచ్చినట్టు మాట్లాడే వ్యాపారి దగ్గరికి రెండోసారి పోనక్కర్లేదు. ఇవి చిన్నవని నేను అనుకోను. ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టే మనిషికి వీటికంటే పెద్దవి ఏముంటాయి? అయితే వీటిలో ప్రతిదానికీ ఆ రోజు కిరాయి పోయినా కిస్తీ ఆగకుండా ఉండాలి. అందుకే అసలు స్వేచ్ఛ తేలేది ఫైనాన్స్ కాగితం మీద సంతకం పెట్టేరోజునే.

ఇక్కడ జరిగే మోసం ఒకటి విడమరచి చెప్పాలి. ఏజెంట్ "9 శాతమే అన్నా, ఫ్లాట్" అంటాడు. ఫ్లాట్ అంటే ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న 2 లక్షల మీదే లెక్కగట్టడం. మూడేళ్లకు వడ్డీ 54,000, కిస్తీ 7,056. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది 16 శాతం దాటుతుంది. కాబట్టి వడ్డీ శాతం అడిగితే చాలదు. చేతికి ఎంతొస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఫైలు చార్జీ ఎంత, మధ్యలో తీర్చేస్తే ఏం కోస్తారు అనే నాలుగూ కాగితం మీద రాయించుకోవాలి. చేతి నుంచి పెట్టాల్సిన లక్షన్నర కోసం బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది ఏడాదికి 24 శాతం. నెలకు 3,000 వడ్డీకే పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. అలా తెచ్చి బండి కొనేవాళ్లకు నా సలహా ఒకటే: ఇంకో రెండేళ్లు జీతానికి నడిపి, చీటీ వేసి, ఆ పైసలు కూడబెట్టాకే దిగాలి. కొత్త బండికి 5 లక్షలు ఫైనాన్స్ చేస్తే 12 శాతం మీద 48 నెలలకు కిస్తీ 13,167. పైన చెప్పిన కిరాయిలతో ఆ కిస్తీ కడుతూ ఒక్క లోడూ వద్దనలేం. షోరూం బండి మెరుపు చూసి మోసపోవద్దు.

పాత బండి చూడ్డానికి పొద్దున్నే పోవాలి, చెప్పకుండా పోతే ఇంకా మంచిది. ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచాడని అర్థం, చల్లారేదాకా ఆగాలి. స్టార్టయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, రింగులో వాల్వు సీళ్లో పోయాయి. ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున గాలి తన్నితే బోర్ అరిగింది. ఆ బేరం అక్కడితో ఆపేయాలి. తర్వాత కిందికి దూరి, వెనక కమాన్ పట్టీలు చాసిస్‌కు తగిలించే హ్యాంగర్ల దగ్గర వెల్డింగ్ అతుకులున్నాయేమో టార్చ్ వేసి చూడాలి. అతుకుంటే ఆ బండి ఏళ్ల తరబడి ఓవర్‌లోడు మోసిందన్నమాట. ఆర్సీలో హైపోథికేషన్, అంటే ఫైనాన్స్ బాకీ నమోదు, ఉందా, చలాన్లు బాకీ ఉన్నాయా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో చూసుకోవాలి. ఎనిమిదేళ్ల లోపు సరుకు బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ట్రాలీతో మొదలుపెట్టేవాళ్లకు ఈ రెండూ పెద్ద వెసులుబాటు.

ఇప్పుడు వద్దనడం దగ్గరికి వద్దాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి నిండుగా ఉంటుంది. వ్యాపారులు కొన్న బస్తాలు యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు తిరుగుతుంటాయి. దూరం తక్కువ, ట్రిప్పులు ఎక్కువ. ట్రాలీ వాళ్లకు ఏడాదిలో మంచి రోజులవి. ఒక్కో బస్తా 40, 45 కిలోలు. టాటా ఏస్ మోసేది 700 నుంచి 750 కిలోలు, అంటే 16, 17 బస్తాలు. వ్యాపారి మాత్రం 25 ఎక్కించమంటాడు. "అందరూ తీస్కపోతున్నరు, నీకేమైతది?" అంటాడు. 25 బస్తాలంటే వెయ్యి కిలోలు పైమాటే. ఆ రోజుకు ఏమీ కాదు, అదే దీనిలో ఉన్న చిక్కు. బరువు పడ్డప్పుడల్లా కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొద్దికొద్దిగా సాగుతాయి. బిగువు తగ్గాక పట్టీల మధ్య కదలిక మొదలవుతుంది. ఆ కదలికంతా సెంటర్ బోల్టు మీద పడి ఒకరోజు అది తెగుతుంది, లేదంటే ఆ రంధ్రం దగ్గరే మెయిన్ పట్టీ విరుగుతుంది. ఇరుసు పక్కకు జరిగి బండి ఒకవైపు లాగుతుంది. ఇది మార్కెట్లో జరగదు, ఖాళీగా పోయేటప్పుడూ జరగదు. నిండు లోడుతో గుంతలో దిగినప్పుడే జరుగుతుంది.

సీజన్లో వారానికోసారి యూ బోల్టులు బిగించుకోవాలి. టైర్లలో గాలి పొద్దున బండి కదలకముందే చూసుకోవాలి, నడిచి వేడెక్కాక మీటర్ ఎక్కువ చూపుతుంది. మిర్చి బరువు కంటే ఎత్తుతో ముంచుతుంది కాబట్టి బరువైన బస్తాలు కింద, క్యాబిన్ వైపు వేయించి, తాటిపత్రి కప్పి, మోకు అడ్డంగా రెండు చోట్ల, నిలువుగా ఒకచోట లాగి కట్టాలి. పావుగంట నడిచాక ఆగి మోకు మళ్లీ లాగాలి, ఎందుకంటే బస్తాలు సర్దుకుని అది వదులవుతుంది. ఎనిమిది బస్తాలు అదనంగా వేస్తే పెరిగేది రెండు మూడు వందలు. ఒక కమాన్ కట్ట, దానికి కూలి, బండి ఆగిన రెండు రోజులు కలిపితే పోయేది దానికి ఎన్నో రెట్లు. ఓవర్‌లోడు పట్టుబడితే 2019 సవరణ చట్టంలో జరిమానా 20,000, అదనపు టన్నుకు మరో 2,000. "17 కంటే ఎక్కువ వేయను అన్నా, కావాలంటే ఇంకో ట్రిప్ కొడ్త" అనే మాట నేర్చుకోవాలి. అలా అన్నవాళ్ల దగ్గరికి ఆ వ్యాపారి పది రోజులు రాకపోవచ్చు. సరుకు తడవకుండా, చిరగకుండా చేరడమే ముఖ్యమనుకునే వ్యాపారులు మాత్రం వాళ్లనే వెతుక్కుంటూ వస్తారు.

రెండో వద్దు మేడారం దగ్గర. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మ జాతర రాగానే ఊళ్లోవాళ్లు "మా ఇంటోళ్లమే పదిహేను మందిమి, నీ ట్రాలీల పోదాం" అని వస్తారు. వాళ్లంతా చుట్టాలే, మొహమాటం ఉంటుంది, కిరాయి కూడా మంచిదే. అయినా వద్దనాలి. సరుకు బండిలో మనుషులు ఎక్కితే, సరుకు యజమాని లేదా అతని మనిషి తప్ప మిగతావాళ్లకు ఇన్సూరెన్స్ వర్తించదు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బండి ఓనర్ కట్టాలి, అంటే ఇల్లు, పొలం పోతాయి. సొంత బండివాడికి సేఠ్ అండ ఉండదని గుర్తుండాల్సింది ఇక్కడే. జాతరకు పని కావాలంటే బెల్లం, కొబ్బరికాయలు, దుకాణాల సామాను, వంట సామాను ఉన్నాయి. ముందుగా మాట్లాడిపెట్టుకుంటే ఆ వారం రోజులు చేతినిండా పనే.

ఏడాది పొడుగునా గిరాకీ ఒకేలా ఉండదు. అక్టోబర్ చివరి నుంచి పత్తి, వానాకాలం వడ్లు. ఆ తర్వాత మిర్చి. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు, ముహూర్తాలుంటే పెళ్లి సామాన్లు. ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లుండవు, వానలకు ఇసుక, ఇటుక పనులు ఆగుతాయి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా, వినాయక చవితి విగ్రహాల నాలుగు రోజులు తప్ప, అడ్డా మీద టీ తాగుతూ కూర్చోవాల్సి వస్తుంది. కిస్తీకి ఆషాఢం లేదు. అందుకే మిర్చి సీజన్లో వచ్చేదాన్ని మిర్చి సీజన్లోనే తినకూడదు. మే నెలాఖరుకు మూడు కిస్తీలు, ఒక పెద్ద రిపేరు ఖర్చు కలిపి సుమారు 50,000 బ్యాంకులో ఉండాలి. ఆ 50 వేలు ఉన్నవాడు జూలైలో నర్సంపేటకు 900 కిరాయి అంటే నవ్వి ఊరుకుంటాడు. నర్సంపేట 40 కిలోమీటర్లు, పోయిరావడం 80, బండి ఖర్చే 640. అంత దూరం పోయి, ఎక్కించి దింపించి వస్తే మిగిలేది 260. చేతిలో పైసలు లేనివాడు దానికీ తలూపుతాడు. అడ్డాలో అందరి రేటూ పడిపోయేది అలాగే.

సేఠ్ ఇవ్వని భద్రతను ఎవరికి వాళ్లే కట్టుకోవాలి, అది ముందు చెప్పిన 3,250 కంటే తక్కువలోనే అవుతుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20, జీవన్ జ్యోతి 436. ప్రమాదంలో పోతే మొదటిదాంట్లో 2 లక్షలు, ఏ కారణంగా పోయినా రెండోదాంట్లో 2 లక్షలు. బ్యాంకు ఖాతాలో మే నెలాఖరున ఆ పైసలు లేకపోతే పాలసీ ఆగిపోతుంది, చాలామందివి అలాగే ఆగిపోయి ఉంటాయి, ఒకసారి పాస్‌బుక్కు చూసుకోవాలి. బండి ఇన్సూరెన్స్‌లో ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. చౌకగా చేయిస్తామని కొందరు ఏజెంట్లు దాన్ని తీసేస్తారు, పాలసీ కాగితంలో ఆ లైను ఉందో లేదో చూడాలి. బండి వేరేవాళ్లకు ఇచ్చి నడిపించే రోజులుంటే జీతం డ్రైవర్ కవర్ విడిగా కట్టాలి, అది చిన్న మొత్తమే. 40 ఏళ్ల లోపువాళ్లకు అటల్ పెన్షన్ ఉంది. పీపీఎఫ్‌లో ఏడాదికి 500 నుంచి వేసుకోవచ్చు. తెల్లకార్డు ఉంటే ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. రోజువారీ జ్వరాలకు, ఇంటి దగ్గర కూర్చున్న రోజులకు ఇందులో ఏదీ పనికిరాదు. ఆ లోటు మాత్రం సొంత బండితో వచ్చేదే, దానికి ఆ 50 వేలే దిక్కు.

రాత్రి ప్రయాణం గురించి ఒక్క మాట. జీతం డ్రైవర్‌కు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని చట్టంలో ఉంది. సొంత బండివాణ్ని ఆపేవాళ్లు ఎవరూ లేరు, తనకు తానే ఆపుకోవాలి. హైదరాబాద్‌కు రాత్రి లోడు పెట్టి, తెల్లారి దింపి, రిటర్న్ లోడు దొరికిందని అలాగే తిరిగొచ్చేవాళ్లను చూస్తుంటాం. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య కళ్లు తెరిచే ఉన్నా మెదడు నిద్రపోతుంది, టీతో అది లేవదు. నా మటుకు ఆ మూడు గంటలు బండి ఆపలేని కిరాయి ఎంతదైనా వద్దు.

సొంత బండివాడి మీద కూడా పైనుంచి దెబ్బలు పడతాయి, అది దాచకూడదు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక ప్యాసింజర్ ఆటోల గిరాకీ ఎంత పడిపోయిందో అందరం చూశాం. ఆ పథకం వల్ల లక్షల ఆడవాళ్లకు మేలే జరిగింది, ఆటోవాళ్ల కిస్తీలూ నిజమే. ఒకే రకం గిరాకీ మీద బతికినవాళ్లకే దెబ్బ గట్టిగా తగిలింది. ట్రాలీకైనా ఇదే వర్తిస్తుంది. ఒకే వ్యాపారి, ఒకే దళారి, కిరాయిలు చూపించే ఒకే యాప్ మీద నెల గడుస్తుంటే అది కొలువే, జీతం చీటీ లేదంతే. సిమెంటు దుకాణం ఒకటి, ఫర్నిచర్ షాపు ఒకటి, టెంట్ హౌస్ ఒకటి, మార్కెట్లో ఇద్దరు ముగ్గురు వ్యాపారులు, ఇలా నాలుగైదు చోట్ల నంబర్ ఉండాలి. ఏ ఒక్కరి దగ్గరా నెల రాబడిలో మూడో వంతు మించకూడదు. యాప్ వాడొచ్చు, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు రిటర్న్ లోడుకు పనికొస్తుంది. ఎవరెవరి దగ్గర ఎంతొచ్చిందో నోట్‌బుక్కులో రాస్తే చాలు, ఎవరి మీద వాలిపోతున్నామో మూడు నెలల్లో తెలుస్తుంది.

అదే నోట్‌బుక్కు ఎప్పుడు ఆపాలో కూడా చెబుతుంది. సీజన్ నెలల్లోనే, అంటే నవంబర్ నుంచి మే లోపు, వరుసగా మూడు నెలలు కిస్తీ కోసం చేబదులు తేవాల్సి వస్తే బండి అమ్మేసి కొలువు చూసుకోవాలి. ఫైనాన్సోళ్లు వచ్చి ఎత్తుకుపోయి వాళ్లు వేలం వేసే ధరకు, మనం అమ్ముకునే ధరకు చాలా తేడా. ముందు ఫైనాన్స్ బాకీ తీర్చి వాళ్ల నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ తీయించాలి, తర్వాత కొనేవాళ్లతో ఫారం 29, 30 మీద సంతకాలు. పేరు మారేదాకా తాళాలు ఇవ్వకూడదు. ఆర్సీలో పేరున్నవాడే చట్టం కళ్లకు ఓనర్, మారకముందు ప్రమాదం జరిగితే కేసు మనమీదికే వస్తుంది. కొలువులో చేరినా లైసెన్సు రెన్యువల్ ఆపొద్దు, ఆ నాలుగైదు దుకాణాలవాళ్ల నంబర్లూ తీసేయొద్దు.